మురికిని పట్టుకోవడం వేరు, బయటికి తీయడం వేరు: క్యానిస్టర్ ఫిల్టర్‌లో ఏ స్పాంజ్ ఎక్కడ, ఎందుకు

ఆ మధ్య ఒక ఆదివారం, తిరుపతి కొర్లగుంటలో మా వీధిలోనే ఉండే కుర్రాడు ప్లాస్టిక్ బకెట్ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. బకెట్‌లో అతని చేపల ట్యాంకు క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు నీళ్లను మోటారుతో లాగి, వడకట్టి, తిరిగి ట్యాంకులోకి పంపే మూత డబ్బా) లోపలి బుట్టలు మూడూ ఉన్నాయి.

"అన్నా, ఫిల్టర్ కొత్తది. పెట్టి నెల కూడా కాలేదు. ధారగా రావాల్సిన నీళ్లు సన్నగా కారుతున్నాయి. మోటారు పోయిందంటావా?"

అడుగు బుట్ట తీసి చూశాను. తెల్లటి దూది ఉండాల్సిన చోట ముదురు గోధుమ రంగు ముద్ద ఉంది. తడిసిన అట్టముక్కలా బిగుసుకుపోయింది, వేలితో నొక్కితే పక్కల నుంచి మడ్డి ఊరింది. దాని పై బుట్టలో ఉన్న నల్ల స్పాంజ్ మాత్రం షాపులో నుంచి అప్పుడే తెచ్చినంత శుభ్రంగా ఉంది. మోటారుకు ఏమీ కాలేదు. లోపల పెట్టిన వరస తలకిందులైంది, అంతే.

ఈ పొరపాటు అతనొక్కడిదే కాదు. క్యానిస్టర్ కొనేటప్పుడు ఎన్ని వాట్లు, గంటకు ఎన్ని లీటర్లు అని నాలుగు చోట్ల విచారిస్తాం. కొందరు ఊళ్లోనే కొంటారు, కొందరు రంగు చేపలకు పేరున్న చెన్నై కొళత్తూరు దాకా వెళ్లి తెచ్చుకుంటారు. వేలు పోసి కొన్న డబ్బా తీరా ఇంటికొచ్చాక, లోపల ఏం పెట్టాలి, ఏది కింద, ఏది పైన అన్నది చెప్పేవాళ్లు ఉండరు. పెట్టెలో వచ్చిన స్పాంజ్ ముక్కలు, తెల్లటి దూది, సిరామిక్ రింగుల సంచీ ఎలా తోస్తే అలా సర్దేస్తాం. ఫిల్టర్ బాగా పని చేస్తుందా లేదా అన్నది చాలావరకు తేలేది ఆ సర్దడంలోనే.

ముందు పనులు విడదీసుకుందాం. క్యానిస్టర్‌లో మూడు రకాల పనులు జరగొచ్చు. కంటికి కనిపించే మురికిని, అంటే చేపల వేస్ట్, తినకుండా వదిలిన మేత, కుళ్లిన ఆకు ముక్కలను ఆపడం మొదటిది. దీన్నే మెకానికల్ ఫిల్టరేషన్ అంటారు, చేసేవి స్పాంజ్, దూది. కంటికి కనిపించని అమ్మోనియాను బాక్టీరియా చేత నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్పించడం రెండోది. ఆ బాక్టీరియా కాపురముండే సిరామిక్ రింగుల లాంటివి, అంటే బయో మీడియా, అందుకే. యాక్టివేటెడ్ కార్బన్‌తో రంగు, వాసన లాగించడం మూడోది, అది అవసరమైనప్పుడే. ఈ వ్యాసం మొదటి పని గురించి. రెండో పని గురించి అందరూ మాట్లాడతారు. ఖరీదైన బయో మీడియా సంచీలు కొంటారు. మొదటి పని సరిగా జరగకపోతే ఆ ఖరీదైన మీడియా మీద మడ్డి పేరుకుని, దాని సన్నని రంధ్రాలు మూసుకుపోయి, లోపలి బాక్టీరియాకు ఆక్సిజన్ అందదు. డబ్బు పెట్టి కొన్న మీడియా మడ్డి కింద రాళ్లలా పడి ఉంటుంది.

ఇక అసలు విషయం. స్పాంజ్ మురికిని పట్టుకుంటుంది కానీ నీళ్లలోంచి తీసెయ్యదు. ఆ తేడా అర్థమైతే ఏ మీడియా కొనాలన్న ప్రశ్న సగం తీరిపోతుంది. క్యానిస్టర్ అంటే ట్యాంకులో మరో గది. ట్యాంకు అడుగున ఉన్న మడ్డి స్పాంజ్‌లోకి చేరితే మన కంటికి కనబడదు, అంతవరకే. అదే నీళ్లు దాని మీదుగా రోజంతా తిరుగుతూనే ఉంటాయి. మడ్డి అక్కడే కుళ్లుతుంది, అమ్మోనియా అక్కడి నుంచే వస్తుంది, ఆక్సిజన్‌ను అక్కడే తాగేస్తుంది. తిరుమలలో స్వామి పుష్కరిణిని ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు మూసి, నీళ్లు తోడించి శుభ్రం చేస్తారు. నీళ్లు ఎంత తేటగా కనిపించినా అడుగుకు చేరింది చేరినట్టే ఉంటుంది, ఎవరో ఒకరు దిగి తీస్తే తప్ప పోదు. క్యానిస్టర్‌లో ఆ తీసే పని మన చేతులది. అందుకే మెకానికల్ మీడియా ఎంచుకునేటప్పుడు ఎంత సన్నని నలకను ఆపుతుంది అని మాత్రమే చూస్తే సరిపోదు. ఎంత మురికిని మోయగలదు, మనం ఎన్ని రోజులకొకసారి ఉతకగలం అన్నవి అంతకంటే ముందు చూసుకోవాలి.

నేను ఆ రెండూ చూసుకోకుండా దెబ్బతిన్నాను. మూడడుగుల గోల్డ్‌ఫిష్ ట్యాంకుకు మొదటిసారి క్యానిస్టర్ పెట్టినప్పుడు నీళ్లు అద్దంలా ఉండాలన్న ఆశతో రెండు బుట్టల నిండా దూది కుక్కాను. మొదటి రెండు రోజులు నిజంగానే అద్దంలా ఉన్నాయి. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. అయిదో రోజుకు ధార సగానికి పడింది. పదో రోజు పొద్దున లేచేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అది మే నెల. మూత తీస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఆ రోజు రెండు చేపలు పోయాయి. వాటిలో ఒకటి నాలుగేళ్లుగా ఇంట్లో తిరిగినది, గాజు మీద వేలు పెడితే దగ్గరికి వచ్చేది. అప్పటి నుంచి దూది విషయంలో నేను చాలా జాగ్రత్త.

ఎందుకలా జరిగిందో ఇప్పుడు చూద్దాం. ఇక్కడ ఒత్తిడి లెక్క అర్థం కావాలి. మన ఊళ్లో దాదాపు ప్రతి ఇంటి గోడకీ ఆర్‌ఓ మిషన్ ఉంటుంది. దాని పక్కన వేలాడే పారదర్శకమైన గిన్నెలో తెల్ల క్యాండిల్ కొన్నాళ్లకు గోధుమ రంగుకు మారడం మీరు చూసే ఉంటారు. అది సాధారణంగా 5 మైక్రాన్ల ఫిల్టర్. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మరి తాగేనీళ్లకు అంత సన్నని ఫిల్టర్ పెడుతున్నప్పుడు చేపల ట్యాంకుకు ఎందుకు పెట్టకూడదు?

ఆ మిషన్ గంటకు ఇచ్చే మంచినీళ్లు 12 నుంచి 15 లీటర్లు. వదిలేసే నీళ్లు కలుపుకున్నా పదుల్లోనే. పైగా నీటిని నెట్టడానికి లోపల బూస్టర్ పంపు ఉంటుంది, దాని ఒత్తిడి 60 పీఎస్‌ఐ (ఒత్తిడిని కొలిచే లెక్క) పైనే. క్యానిస్టర్ నుంచి మనం ఆశించేది గంటకు వందల లీటర్లు. దాని మోటారు ఎంత నెట్టగలదో డబ్బా మీదే ఉంటుంది: గరిష్ఠ ఎత్తు 1.5 మీటర్లు అనో 2 మీటర్లు అనో. మీటరు ఎత్తు నీళ్ల ఒత్తిడి 1.42 పీఎస్‌ఐ. అంటే 1.5 మీటర్ల మోటారు శక్తి మొత్తం కలిపి 2 పీఎస్‌ఐ చుట్టూ. అది కూడా ధార పూర్తిగా ఆగిపోయే దగ్గరి లెక్క. ఇంత మెత్తటి మోటారు ముందు బిగుతైన దూది గోడ కడితే అది తోసుకుపోలేదు, ధార తగ్గించుకుంటుంది. మనం వినే శబ్దంలో మార్పేమీ ఉండదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఫిల్టర్ పని చేస్తోందనే అనుకుంటాం.

డికాక్షన్ ఫిల్టర్ వాడేవాళ్లకు ఇది కొత్త కాదు. కాఫీ పొడి మరీ మెత్తగా ఆడించి, పైన చక్రంతో గట్టిగా అదిమితే వేడినీళ్లు పైనే నిలిచిపోతాయి. అరగంట చూసినా కింద నాలుగు చుక్కలు. పొడి కాస్త బరకగా ఉంటే చక్కగా దిగుతాయి.

స్పాంజ్‌ల మీద రాసి ఉండే అంకె సంగతికి వద్దాం. పీపీఐ అంటే అంగుళానికి ఎన్ని రంధ్రాలు అని. 20 పీపీఐ అంటే అంగుళం పొడవున 20 రంధ్రాలు. అంగుళం 25.4 మిల్లీమీటర్లు కాబట్టి ఒక్కో రంధ్రానికి, గోడ మందంతో కలిపి, 1.27 మిల్లీమీటర్లు. 30 పీపీఐ అయితే 0.85, 45 పీపీఐ అయితే 0.56 మిల్లీమీటర్లు. అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది. దూదికి, పలుచటి పాలిషింగ్ ప్యాడ్‌లకు పీపీఐ చెప్పరు, 200, 100, 50 మైక్రాన్లు అని చెబుతారు. అక్కడ అంకె తగ్గేకొద్దీ సన్నం. ఈ రెండు కొలతలూ ఎదురెదురు దిక్కుల్లో నడుస్తాయి కాబట్టి కొనేటప్పుడు చాలామంది తికమక పడతారు.

రంధ్రం ఒక మిల్లీమీటరు ఉంటే అంతకంటే చిన్న నలకలన్నీ జారిపోతాయనుకోకండి. జల్లెడకూ స్పాంజ్‌కూ తేడా ఇక్కడే. సంగటికి రాగి పిండి జల్లించేటప్పుడు జల్లెడ ఒక్క పొరే. కంత కంటే చిన్నది దిగుతుంది, పెద్దది పైన నిలుస్తుంది. స్పాంజ్ రెండు మూడు అంగుళాల మందం. నీళ్లు దాని లోపల వంకరటింకర దారుల్లో వెళ్తాయి, మలుపు మలుపులో వేగం తగ్గుతుంది, సన్నని నలక ఏదో ఒక గోడకు తగిలి అంటుకుంటుంది. కొన్ని రోజులకు ఆ గోడల మీద జిగురు పొర ఏర్పడుతుంది. అది ఇంకా సన్నని నలకలను పట్టేస్తుంది. అందుకే మందమైన 20 పీపీఐ స్పాంజ్ తన రంధ్రం కంటే ఎంతో చిన్న మురికిని కూడా ఆపుతుంది, అదీ లోతంతా వాడుకుంటూ. ఎక్కువ మురికిని మోస్తుంది, ఆలస్యంగా మూసుకుపోతుంది. సన్నని ప్యాడ్ మీద మురికి పైపొరలోనే అట్టకడుతుంది, లోపలి మందం అంతా వృథా. నా అనుభవంలో ఒకే మందం ఉన్న ముతక స్పాంజ్ నెల మోసిన భారాన్ని దూది వారం కూడా మోయలేదు.

అందుకే వరస ఎప్పుడూ ముతక నుంచి సన్నానికి. నీళ్లు మొదట తగిలేది 10 లేదా 20 పీపీఐ, తర్వాత 30, చివర్న కావాలనుకుంటే పలుచగా దూది. ఇది చాలామందికి తెలుసు. తప్పేది ఎక్కడంటే, మొదట అంటే ఏ వైపు అన్న దగ్గర. క్యానిస్టర్ మూత తీయగానే కనబడేది పై బుట్ట. నీళ్లు పై నుంచి కిందికే కదా పోతాయి అనుకుని పై బుట్టలో ముతక, అడుగు బుట్టలో దూది పెడతాం. మా వీధి కుర్రాడు చేసింది అదే. ఎక్కువ క్యానిస్టర్లలో నీళ్లు ఒక పక్కగా ఉన్న గొట్టం గుండా నేరుగా అడుగుకు దిగి, అక్కడి నుంచి బుట్టల గుండా పైకి లేస్తాయి. మోటారు పైన మూతలో ఉండి లాగుతుంది. కాబట్టి మొదటి బుట్ట అంటే అడుగు బుట్ట. కొన్ని మోడళ్లలో పక్కన నిలువు స్పాంజ్ వరస వేరుగా ఉండి, నీళ్లు ముందు దాని గుండా వెళ్లి తర్వాత బుట్టల్లోకి వస్తాయి. మీది ఏదో తెలియకపోతే అనుమానం అక్కర్లేదు. రెండు వారాలు నడిచాక మూత తీసి చూడండి. అన్నిటికంటే నల్లబడినది ఎటు వైపు ఉందో అదే నీళ్లు మొదట తగిలే వైపు.

ఆ స్పాంజ్‌ను చేతిలోకి తీసుకున్నప్పుడే ఇంకో విషయం కూడా చూడండి. మురికి అంతటా సమానంగా పట్టిందా, లేక అంచుల చుట్టూ ముదురుగా, నడుమ లేతగా ఉందా? అంచులే నల్లబడితే నీళ్లు స్పాంజ్ గుండా కాకుండా బుట్ట గోడకూ స్పాంజ్‌కూ మధ్య సందులోంచి దాటిపోతున్నాయన్నమాట. నీళ్లకు ఎక్కడ అడ్డు తక్కువో అక్కడికే పోతాయి. మన పొలం కాలువ గట్టుకు ఎలుక బొరియ చాలు కదా! అందుకని స్పాంజ్ ముక్క కోసేటప్పుడు బుట్ట కొలత కంటే అన్ని వైపులా నాలుగైదు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి కోయాలి, లోపలికి కొంచెం నొక్కి పెట్టేలా. కత్తెరతో కోస్తే అంచు వంకర పోతుంది. పొడవైన పదునైన కత్తితో, నొక్కకుండా రంపంలా లాగుతూ కోస్తే తిన్నగా తెగుతుంది. రెండు చిన్న ముక్కలు పక్కపక్కన సర్దడం కంటే ఒకే ముక్క మేలు. ఆ అతుకులోంచి కూడా నీళ్లు దాటుతాయి.

స్పాంజ్ ఎక్కడ కొనాలి? అక్వేరియం షాపులో దొరికే నల్ల స్పాంజ్, నీలం స్పాంజ్ చాలావరకు గాలి, నీరు అటూ ఇటూ ఆడే తెరిచిన రంధ్రాలవి. పరుపుల షాపులో దొరికే ఫోమ్ చవకే కానీ దాని రంధ్రాల మధ్య పలుచటి పొరలు మూసుకుని ఉంటాయి, నీళ్లు సరిగా ఆడవు. ఏ మందులు కలిపారో కూడా తెలియదు. తేడా చూడటానికి ఓ పద్ధతుంది. ముక్కను నోటి దగ్గర పెట్టుకుని ఊదండి. అడ్డేమీ లేనట్టు గాలి అవతలికి పోతే పనికొస్తుంది. బుగ్గలు ఉబ్బించి ఊదాల్సి వస్తే వద్దు. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ ప్యాడ్‌లు కూడా కొందరు వాడతారు. కొన్నిటికి రసాయనాలు పూసి ఉంటాయి కాబట్టి నేను పెట్టను. ప్లాస్టిక్ పీచు ఉండలు, సబ్బు తగలనివి, అడుగు బుట్టలో మరీ పెద్ద చెత్త ఆపడానికి బాగానే పనికొస్తాయి.

దూది అని మనం పిలిచేది నిజానికి పాలిస్టర్ పీచు, దిండ్లలో నింపే రకం. అసలు పత్తి దూది మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, అది నీళ్లలో నాని కుళ్లుతుంది. దిండ్ల షాపులో తెచ్చుకునేవాళ్లు సెంటు వాసన, రంగు లేనిదని చూసుకుని, ఒకసారి మంచినీళ్లలో పిండి వాడితే సరిపోతుంది. అయితే దాని పని ఎప్పుడూ చివరిదే. స్పాంజ్‌లన్నీ, బయో మీడియా కూడా దాటాక, మోటారుకు కాస్త ముందు, వేలు మందాన పలుచగా పరిస్తే చాలు. అక్కడికి చేరే నీళ్లలో మిగిలేది దుమ్ములాంటి నలకే కాబట్టి త్వరగా మూసుకుపోదు. పైన ఉంటుంది కాబట్టి మూత తీయగానే చేతికి దొరుకుతుంది, మార్చడం నిమిషం పని. దూదిని ఉతికి మళ్లీ వాడటం నాకు నచ్చదు. ఒకసారి పిండితే పీచు ముద్దకట్టి ముందు కంటే బిగుతవుతుంది. పది రోజులకో రెండు వారాలకో తీసి పారేసేదిగానే దాన్ని చూడాలి. అలా మార్చే ఓపిక లేదనుకుంటే అసలు పెట్టకండి. దూది లేని ఫిల్టర్‌తో చేపలకు ఏమీ కాదు. నీళ్లలో ఒకటి రెండు నలకలు మనకు కనిపిస్తాయి, చేపలకు వాటితో పనిలేదు.

చాలామంది దూది కుక్కేది అది చేయలేని పని కోసం. ట్యాంకు నీళ్లు మసకగా ఉన్నాయంటే కారణం అన్నిసార్లూ ఒకటే కాదు. గాజు గ్లాసులో ఆ నీళ్లు పట్టి రాత్రి వంటగది గట్టు మీద కదపకుండా పెట్టండి. తెల్లారి అడుగున సన్నని మడ్డి దిగి పైన తేటపడితే అది నలక, స్పాంజ్, దూది దాన్ని పట్టగలవు. తెల్లారినా పాలు నాలుగు చుక్కలు కలిపినట్టే ఉంటే అది బాక్టీరియా విజృంభణ. కొత్త ట్యాంకుల్లో, మేత ఎక్కువ వేసినప్పుడు వస్తుంది. బాక్టీరియా సైజు ఒక మైక్రాన్ చుట్టూ, ఏ దూదీ ఆపలేదు. మేత తగ్గించి, గాలి పెంచి, ఓపిక పడితే తగ్గుతుంది. లేత ఆకుపచ్చగా ఉంటే నీళ్లలో తేలే పాచి కణాలు. అవీ కొన్ని మైక్రాన్లే, వాటికి వెలుతురు తగ్గించాలి, లేదా యూవీ లైటు పెట్టాలి. తేటగానే ఉండి టీ డికాక్షన్ రంగు ఉంటే అది ట్యాంకులో పెట్టిన కర్రలోంచి, ఆకుల్లోంచి దిగిన రంగు. నీళ్లలో కరిగిపోయిన దాన్ని ఏ జల్లెడా పట్టదు, కార్బన్ లాగుతుంది. గ్లాసు పరీక్షకు ఖర్చేమీ లేదు. దూది కొనడానికి వెళ్లే ముందు ఇది చేయమని నన్ను అడిగిన ప్రతివాళ్లకీ చెబుతాను.

ఏ చేపలు పెంచుతున్నాం అన్నదాన్ని బట్టి కూడా ఎంపిక మారుతుంది. గోల్డ్‌ఫిష్, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటివి బాగా తింటాయి, అంతే వదులుతాయి. వాటికి ముతక స్పాంజే ప్రాణం. సగం క్యానిస్టర్ 20 పీపీఐకి ఇచ్చినా ఎక్కువ కాదు, దూది లేకపోతేనే మేలు. మొక్కలున్న ట్యాంకులో చిన్న టెట్రాలు, రాస్బోరాలు పెంచేవాళ్లకు వేస్ట్ తక్కువ, ఆకు తునకలు ఎక్కువ. అక్కడ ఒక ముతక, ఒక 30, చివర్న పలుచటి దూది చక్కగా సరిపోతాయి. గప్పీ పిల్లలు, రొయ్యలు ఉన్నవాళ్లకు అసలు ముఖ్యమైన స్పాంజ్ క్యానిస్టర్ లోపలిది కాదు, ట్యాంకులో నీళ్లు లాగే గొట్టం మూతికి తొడిగేది. ప్రీఫిల్టర్ స్పాంజ్ అంటారు. పిల్లలను గొట్టం లాగేసుకోకుండా కాపాడుతుంది.

ఆ ప్రీఫిల్టర్ గురించి ఇంకాస్త చెప్పాలి. నా ఉద్దేశంలో క్యానిస్టర్ ఉన్న ప్రతి ట్యాంకుకూ అది ఉండాలి. కారణం మళ్లీ మొదట చెప్పిందే, పట్టుకున్న మురికిని బయటికి తీయడం. క్యానిస్టర్ విప్పడం అంటే వాల్వులు మూసి, పైపులు ఊడదీసి, డబ్బాను పెరట్లోకి మోసుకెళ్లి, కడిగి, మళ్లీ బిగించి, గాలి పోయేదాకా కూర్చోవాలి. అరగంట పైనే పడుతుంది కాబట్టి వాయిదా వేస్తాం. నెల రెండు నెలలవుతుంది, రెండు మూడవుతాయి. ప్రీఫిల్టర్‌ను మోటారు ఆపి, కింద ఒక డబ్బా పట్టి, మడ్డి ట్యాంకులో చెదరకుండా మెల్లగా ఊడదీసి పిండితే మూడు నిమిషాలు. కాబట్టి వారం వారం చేస్తాం. పెద్ద మురికంతా అక్కడే ఆగి, వారానికోసారి నిజంగా ట్యాంకు నుంచి బయటికి పోతుంది. క్యానిస్టర్ లోపలికి చేరేది తక్కువ. ప్రీఫిల్టర్‌కు 20, 30 పీపీఐ చాలు. మరీ సన్నది తొడిగితే రెండు రోజులకే మూసుకుపోయి, మోటారుకు నీళ్లు అందక గరగరమంటుంది.

ఉతకడం గురించి మన ఊరికి సంబంధించిన రెండు మాటలు. స్పాంజ్‌లో మురికితో పాటు పనికొచ్చే బాక్టీరియా కూడా బోలెడంత ఉంటుంది. 20, 30 పీపీఐ స్పాంజ్ తనంతట తాను మంచి బయో మీడియా కూడా. కల్యాణి డ్యామ్, తెలుగు గంగ నుంచి వచ్చే కుళాయి నీళ్లలో క్లోరిన్ కలిపి ఉంటుంది, ఆ ధార కింద స్పాంజ్ పెడితే బాక్టీరియా పోతుంది. మా ఇంట్లో బోరు నీళ్లే కదా, క్లోరిన్ లేదు కదా అంటారు. నిజమే. అయితే ఎండాకాలం మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నుంచి కుళాయి తిప్పి చూడండి, చెయ్యి పెట్టలేం. ఆ వేడి కూడా వాటిని దెబ్బతీస్తుంది. అన్నిటికీ ఒకటే మార్గం: నీళ్లు మార్చే రోజు ట్యాంకులోంచి తోడిన పాత నీళ్లు బకెట్‌లో పట్టి, అందులోనే స్పాంజ్‌ను నాలుగైదు సార్లు పిండాలి. కొత్తదానిలా తెల్లగా మెరవాల్సిన పనిలేదు. నీళ్లు సాఫీగా ఆడితే చాలు. స్పాంజ్‌లన్నీ ఒకే రోజు ఉతక్కుండా, ఈసారి ఒకటి, వచ్చేసారి ఇంకొకటి అన్నట్టు చేస్తే బాక్టీరియా తిరిగి పుంజుకుంటుంది. బోరు నీళ్ల ఉప్పదనం వల్ల ఇంపెల్లర్ (మోటారులో నీళ్లను తోసే చిన్న రెక్కల చక్రం) ఇరుసు మీద తెల్లటి గార కడుతుంది. దాన్ని విడిగా వెనిగర్‌లో కాసేపు నానబెట్టి, బాగా కడిగి పెట్టాలి. స్పాంజ్ శుభ్రంగా ఉన్నా ధార పెరగకపోతే ముందు అక్కడే చూడండి.

రెండోది కరెంటు. ఎండాకాలం కోతల్లో క్యానిస్టర్ ఆగితే మూసిన డబ్బాలో నీళ్లు నిలిచిపోతాయి. లోపలి బాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుంటూ పోతుంది. అసలే వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్లు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మాత్రమే పడతాయి. లోపల స్పాంజ్ నిండా మడ్డి ఉంటే ఆ కాస్తా ఇంకా త్వరగా అయిపోతుంది. కుళ్లు మొదలవుతుంది. కరెంటు రాగానే మోటారు ఆ కంపు నీళ్లన్నిటినీ ఒక్కసారిగా ట్యాంకులోకి తోస్తుంది. నా గోల్డ్‌ఫిష్‌లు పోయిన ముందు రాత్రి కూడా మూడు గంటల పైన కరెంటు లేదు. మూసుకుపోయిన దూది, వేడి, కోత మూడూ కలిశాయి. అప్పటి నుంచి రెండు గంటలు దాటి కరెంటు పోతే ప్లగ్ తీసి పెడతాను. వచ్చాక డబ్బాలోని నీళ్లు పారబోసి, స్పాంజ్ పిండి, అప్పుడే నడిపిస్తాను. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు క్యానిస్టర్‌కు ఒక పాయింటు ఇచ్చుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

స్పాంజ్ ఎప్పుడు ఉతకాలో తెలుసుకోవడానికి క్యాలెండర్ కంటే బకెట్ నయం. నీళ్లు బయటికి వచ్చే గొట్టాన్ని ట్యాంకు అంచు ఎత్తులోనే పట్టుకుని, 10 లీటర్ల బకెట్‌లోకి వదిలి, నిండటానికి ఎన్ని సెకన్లో ఫోన్‌లో చూడండి. గొట్టం కిందికి దించితే ఎక్కువ వస్తుంది, లెక్క తప్పుతుంది. 36,000ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. డబ్బా మీద 1,000 అని ఉన్నా, మీడియా నింపాక 500, 600 వస్తే దిగులు పడకండి. డబ్బా మీది అంకె సాధారణంగా లోపల ఏమీ పెట్టనప్పటిది. శుభ్రం చేసిన రోజు ఎంత వచ్చిందో రాసుకుని, అందులో మూడో వంతు తగ్గినప్పుడు విప్పితే సరిగ్గా సమయానికి విప్పినట్టు.

ఆ ఆదివారం కుర్రాడూ నేనూ కలిసి అతని బుట్టలు మళ్లీ సర్దాం. అట్టకట్టిన దూది పారేశాం. శుభ్రంగా మిగిలిపోయిన నల్ల స్పాంజ్‌ను అడుగుకు పంపాం. నా దగ్గర మిగిలిన 30 పీపీఐ ముక్క ఒకటి కోసి దాని మీద పెట్టాం, ఆ పైన సిరామిక్ రింగులు, చివర్న వేలు మందాన కొత్త దూది. విప్పక ముందు వాళ్లింట్లో బకెట్ పట్టి చూస్తే నిండటానికి 150 సెకన్లు పట్టిందన్నాడు, అంటే గంటకు 240 లీటర్లు. మళ్లీ బిగించాక సరిగ్గా నిమిషం, 600 లీటర్లు. మార్కర్ పెన్ అడిగి తీసుకుని క్యానిస్టర్ మూత మీద "60" అని, కింద ఆ రోజు తేదీ రాసుకున్నాడు.